ప్రైవేటు స్థలంలో బండి పెడితే ఎవరి హక్కు ఎంత? (తిరుపతి, చిత్తూరు వాళ్లకు, వచ్చేపోయే వాళ్లకు)

కొర్లగుంట కుర్రోడు

అన్నలారా, ఇక్కడ ముక్కలు ముక్కలుగా అడుగుతా ఉండేవన్నీ ఒకే చోట పెడతా. అలిపిరి దోవలో, బస్టాండు ఎనక, గోవిందరాజస్వామి గుడి చుట్టూ సందుల్లో ఖాళీ సైటు ఉంటే చాలు, తాడు కట్టి అట్టముక్క మీద "పెయిడ్ పార్కింగ్" అని రాసేస్తా ఉండారు. వాళ్లిచ్చే చీటీ మీద మామూలుగా ఉండే మాటలు ఇవి:

"వాహనము యజమాని బాధ్యతపైనే నిలుపబడును. లోపలి వస్తువులకు మేము బాధ్యులము కాము. టోకెన్ పోయినచో రూ.500. 12 గంటలు దాటిన మరియొక రోజు చార్జీ. తాళము ఇచ్చి వెళ్ళవలెను."

ఇందులో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు? టైము దాటితే చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టొచ్చా? ఊరికే కాకుండా, ఏ సెక్షన్ ప్రకారమో కూడా చెప్తే బాగుంటాది.

పాత ప్లీడరు

స్థలం వాడికి తన స్థలం మీద హక్కు ఉంది నాయనా, నీ బండి మీద లేదు. మిగతాదంతా ఇందులోంచే వస్తుంది.

తన సైటులోకి ఎవరిని రానివ్వాలి, ఎంత తీసుకోవాలి, ఎప్పుడు పొమ్మనాలి అన్నది అతని ఇష్టం. రేటు బోర్డు గేటు దగ్గరే కనిపిస్తూ ఉండి, అది చూసి నువ్వు లోపలికి వెళ్లావంటే ఆ షరతులకు ఒప్పుకున్నట్టే. "నేను సంతకం పెట్టలేదు కదా" అంటే కుదరదు. బోర్డు లేకుండా, డబ్బులు తీసుకున్నాక చీటీ వెనక చిన్నక్షరాల్లో కొత్త షరతు కనిపిస్తే మాత్రం అడ్డం తిరగొచ్చు. ఒప్పందం అప్పటికే అయిపోయింది, తర్వాత తగిలించిన మాట దానిలో భాగం కాదు.

గొలుసు సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 127 చూడు. బండిని లాగించుకుపోవడం, చక్రానికి క్లాంపు వేయడం రెండూ అక్కడే ఉన్నాయి. పబ్లిక్ స్థలంలో 10 గంటలు గానీ అంతకు మించి గానీ వదిలేసిన బండికి, పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండికి ఆ పని చేయించవచ్చు. అయితే ఆ అనుమతి ఇవ్వాల్సింది యూనిఫారంలో ఉన్న, ఆ పరిధి పోలీసు అధికారి. లాగిన ఖర్చు బండి యజమానిదే. ఈ సెక్షన్‌లో ప్రైవేటు సెక్యూరిటీ గార్డు ఊసే లేదు.

గేటు కాడి మనిషి

ప్లీడరు గారూ, చెప్పేదానికి బాగానే ఉండాది. మరి రెండు దినాలు బండి పెట్టి, ఒక దినం డబ్బులిచ్చి పోతానంటే గేటు కాడ ఉండేవాడు ఏం చేయాల? బండి ఆపుకోకుంటే ఎవుడిస్తాడు? మెకానిక్ షెడ్డువాళ్లు బిల్లు కట్టేదాకా బండి ఇవ్వరు కదా, మాకెందుకు ఆ హక్కు లేదు?

పాత ప్లీడరు

మంచి ప్రశ్న. తేడా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసినవాడు కూలి అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. మెకానిక్ ఇంజను విప్పి బాగుచేశాడు, కాబట్టి ఆపుకుంటాడు. బండిని ఎండలో నిలబెట్టి కాపలా కాయడం ఆ సెక్షన్‌లో చెప్పిన పని కిందికి రాదు. సెక్షన్ 171లో ఇంకా విశాలమైన హక్కు ఉంది గానీ, అది బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీలు, రేవు గోదాముల వాళ్లలాంటి కొద్దిమందికే. పార్కింగ్ కాంట్రాక్టరు ఆ జాబితాలో లేడు.

కాబట్టి గేటు దగ్గర చేయగలిగింది ముందే వసూలు చేయడం. లోపలికి వచ్చేటప్పుడు ఒక రోజు డబ్బు, కొంత అడ్వాన్సు తీసుకుని చీటీ మీద రాయండి. అయినా ఎగ్గొట్టి పోతే బండి నంబరు, ఫోటో ఉంటాయి. బాకీ కింద అడగాలి. వంద రూపాయల కోసం ఎవరూ కోర్టుకు పోరని నాకూ తెలుసు, అందుకే అడ్వాన్సు అంటున్నా.

రెండో ఘాట్

గొలుసు వేస్తే పోలీసులకు "అక్రమ నిర్బంధం" అని చెప్పి కేసు పెట్టించవచ్చని అందరూ వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 కదా?

పాత ప్లీడరు

ఆ మెసేజు సగమే నిజం. 126 మనిషిని అడ్డుకోవడం గురించి. అతను వెళ్లడానికి హక్కున్న దిక్కుకు పోనివ్వకపోతే ఒక నెల వరకు సాధారణ ఖైదు, 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. నువ్వు కారులో కూర్చుని ఉండగా గేటు మూసేస్తే అది సరిపోతుంది. ఖాళీ బండికి గొలుసు వేస్తే మాత్రం "మనిషి నడిచి పోవచ్చుగా, ఎవరు ఆపారు?" అనే వాదన బలంగా నిలుస్తుంది. బండి ఆపి, బోర్డు మీద లేని డబ్బు బెదిరించి అడిగితే బలవంతపు వసూలు, అంటే సెక్షన్ 308 వైపు పోతుంది. ఫిర్యాదులో "గొలుసు వేశారు" అని ఊరుకోకుండా "బోర్డు మీద 100 ఉంటే 1,000 ఇస్తేనే విప్పుతామన్నారు" అని అంకెలతో రాయాలి.

అవతలి వైపు బెదిరింపు కూడా అంతే. "మా సైటులో పెట్టావు, క్రిమినల్ ట్రెస్‌పాస్ కేసు పెడతాం" అంటారు. సెక్షన్ 329 నిలవాలంటే నేరం చేయాలనో, భయపెట్టాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. దారి తెలియక ఖాళీ సైటులో పెట్టిన యాత్రికుడికి ఆ ఉద్దేశం ఎక్కడిది? తీయమన్నాక మొండికేస్తే మాత్రం పరిస్థితి మారుతుంది.

టైరు డాక్టరు

గొలుసు కంటే ఎక్కువగా జరిగేది గాలి తీయడం. "ఇచ్చట వాహనములు నిలిపినచో గాలి తీయబడును" అని గోడ మీద పెయింటుతో రాసి ఉంటుంది చూడండి, అది. రాసినంత మాత్రాన హక్కు రాదు. నష్టం చేయాలనే ఉద్దేశంతో వస్తువు పనికిరాకుండా చేయడం న్యాయ సంహిత సెక్షన్ 324 కింద నేరం.

బండి వాళ్లు చేసే తప్పు ఇంకొకటి ఉంది. గాలి లేని ట్యూబ్‌లెస్ టైరు మీద "పంచరు షాపు దగ్గరే కదా" అని రెండొందల గజాలు నడుపుతారు. రిమ్ము అంచు టైరు పక్కగోడను లోపలి నుంచి నలిపేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. గాలి పట్టించుకుని తర్వాత ఘాట్ రోడ్డు ఎక్కితే వేడికి అక్కడే ఉబ్బుతుంది. వాల్వ్ లోపలి పిన్ను తీసేసి ఉంటే అది కొత్తది బిగించి, నిలబడిన చోటే గాలి పట్టాలి. చేతిలో పట్టే చిన్న కంప్రెసర్ చాలు, టైరు రిమ్ముకు అతుక్కుని ఉంటే. అంచు ఊడి ఉంటే చిన్న కంప్రెసర్‌తో కూర్చోదు, స్టెప్నీ వేసుకోవడమే. మళ్లీ గాలి పట్టక ముందు లోపల నల్లటి రబ్బరు పొడి ఉందేమో చూడమనండి. పొడి ఉంటే ఆ టైరు అయిపోయినట్టే.

కొర్లగుంట కుర్రోడు

తాళం సంగతి ఎవరూ చెప్పలా. ఇరుకు సైట్లలో ఒకదాని ఎనక ఒకటి నాలుగు వరసలు పెట్టి తాళం ఇచ్చి పొమ్మంటారు. ఇవ్వకుంటే లోపలికే రానీరు.

పాత ప్లీడరు

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. తాళం ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి కేసు మారిపోతుంది.

నువ్వే పెట్టుకుని, తాళం జేబులో వేసుకుని పోతే అతను నీకు అద్దెకు ఇచ్చింది చోటు మాత్రమే. బండి పోతే అతని బాధ్యత నిరూపించడం కష్టం. కాపలా ఉంటుందని బోర్డు పెట్టి డబ్బు తీసుకుంటే కొంత పట్టు దొరుకుతుంది. తాళం అతని చేతికిచ్చావంటే అది అప్పగింత, కోర్టు భాషలో బెయిల్‌మెంటు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 148, 151 వర్తిస్తాయి. తెలివైనవాడు తన సొంత బండిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలి.

2019 నవంబరు 14న సుప్రీంకోర్టు తాజ్‌మహల్ హోటల్ కేసులో దీన్నే తేల్చింది. 1998 ఆగస్టు 1న ఢిల్లీలో ఆ హోటలుకు వచ్చిన అతిథి మారుతి జెన్ తాళం సిబ్బందికి ఇచ్చాడు, అర్ధరాత్రి దాటాక వచ్చేసరికి కారు లేదు. టోకెన్ మీద "యజమాని బాధ్యతపైనే" అని ఉంది. తాళం తీసుకున్నాక, ఆ ముక్క అడ్డం పెట్టుకుని సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని కోర్టు చెప్పింది. జాగ్రత్త తీసుకున్నామని ముందు చూపించాల్సింది హోటలే. వాలెట్ పార్కింగ్ (సిబ్బందే బండి తీసుకెళ్లి పెట్టడం) ఉచితమైనా గది, భోజనం డబ్బుల్లోనే దాని ప్రతిఫలం కలిసి ఉంటుందని కూడా అంది. తిరుపతి లాడ్జీల్లో "పార్కింగ్ ఫ్రీ, కాబట్టి మాకు సంబంధం లేదు" అనేవాళ్లకు ఈ ముక్క గుర్తు చేయండి.

నీ చీటీలో మొదటి వాక్యం, చివరి వాక్యం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, చూశావా? బాధ్యత నీదంట, తాళం వాళ్లకంట.

గేటు కాడి మనిషి

తాళం ఇచ్చేవాళ్లు ఇవి చేస్తే మాకూ మేలే, మీకూ మేలే. కారు చుట్టూ నాలుగు మూలల నుంచి ఫోటో, డ్యాష్‌బోర్డులో కిలోమీటర్లూ పెట్రోలు ముల్లూ రెండూ పడేట్టు ఇంకో ఫోటో. ఇంటి తాళాలు, బీరువా తాళాలు ఉండే గుత్తి అట్లే ఇచ్చేస్తారు, అది వద్దు. కారు తాళం ఒక్కటే ఇవ్వండి. చీటీ మీద "తాళం తీసుకున్నాము" అని పెన్నుతో రాయించి టైము వేయించుకోండి. రాయనంటే ఆ సైటు వదిలేయండి, పక్కన ఇంకోటి ఉంటాది.

నడిచి కొండెక్కే వాళ్లు సామాను కారులో పెట్టి పోతారు. అలిపిరిలో నడకదారి భక్తుల సామాను టీటీడీ వాళ్లే తీసుకుని పైకి చేరుస్తారు కదా, ఆడ ఇచ్చేయండి. సీటు మీద బ్యాగు కనపడితే అద్దం పగలగొట్టేవాడు ఒకడుంటే, తినేది కనపడితే కోతులు ఇంకో పక్క.

ఇంకొకటి. "రోజు" అంటే ఎంతో లోపలికి వచ్చేటప్పుడే అడగండి. కొన్నిచోట్ల వచ్చిన గంట నుంచి 24 గంటలు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటితే కొత్త రోజు. రాత్రి 10కి పెట్టి పొద్దున 6కి తీస్తే ఆడ రెండు రోజులు. పై చీటీలో 12 గంటలే రోజు! గొడవల్లో సగం దీని మీదే.

పాత ప్లీడరు

టోకెన్ పోతే 500 గురించి మర్చిపోయాను. కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 74 ఉంది. ఒప్పందంలో రాసిన జరిమానా అంకె పైకప్పు మాత్రమే, కోర్టు ఇప్పించేది అందులో న్యాయమైనంత. ఆర్‌సీ, లైసెన్సు చూపించి, ఫోనులో డబ్బు కట్టిన ఆనవాలు చూపిస్తే అతనికి జరిగిన నష్టం దాదాపు సున్నా. అలాగని టోకెన్ లేనివాడిని ప్రశ్నించకుండా పోనిచ్చే గేటు మంచిది కాదు. అడగనివ్వండి, ఆర్‌సీ ఫోటో తీసుకోనివ్వండి.

బీమా లెక్కలు

బండి పోయినప్పుడు వరస తప్పితే డబ్బు రాదు కాబట్టి చెప్తున్నా. మొదట పోలీసు ఎమర్జెన్సీ నంబరు 112. తర్వాత అదే రోజు ఎఫ్‌ఐఆర్. "మా పరిధి కాదు" అంటే సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ తర్వాత బీమా కంపెనీకి ఫోను, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి, కంపెనీకి చెప్పడం మాత్రం ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు గుర్షీందర్ సింగ్ కేసులో చెప్పింది. ఎఫ్‌ఐఆర్ ఆలస్యానికి ఆ వెసులుబాటు ఉందనుకోవద్దు.

కంపెనీ రెండు తాళాలూ అడుగుతుంది. ఒకటి పార్కింగ్ వాళ్ల దగ్గర ఉండిపోయిందంటే "తాళం తీసుకున్నాము" అని రాయించిన చీటీ ఇక్కడ పనికొస్తుంది. అది లేకపోతే తాళం బండికే వదిలేశారని, జాగ్రత్త తీసుకోలేదని అంటారు.

గీతలు, సొట్టల సంగతి వేరు. కుర్రాడు బండి వెనక్కి తీస్తూ స్తంభానికి కొడితే పోలీసులు "సివిల్" అంటారు, ఆ మాట తప్పు కూడా కాదు. 324కి ఉద్దేశం ఉండాలి, ఇది నిర్లక్ష్యం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి.

రెండో ఘాట్

కమిషన్ అంటే మళ్లీ తిరుపతికి వాయిదాలకు తిరగాలి. కర్నూలు, చెన్నై వాళ్లు ఎవరు తిరుగుతారు?

బీమా లెక్కలు

అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనో, పనిచేసే ఊళ్లోనో ఉన్న జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. అప్పుడు తిరుపతికి రావాల్సింది మీరు కాదు, కర్నూలుకు పోవాల్సింది పార్కింగ్ వాళ్లే. గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, పార్కింగ్ చీటీ ఎలాగూ అందులోనే పడుతుంది. వకీలు లేకుండానే వాదించుకోవచ్చు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే రిజిస్టర్డ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు.

అందరూ ఇరుక్కునేది ఒక్కచోట: నోటీసు ఎవరి పేరున? చీటీ మీద "శ్రీ వెంకటేశ్వర పార్కింగ్" అని ఉంటుంది. ఆ పేరుతో ఊళ్లో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి! గేటు బోర్డు, జీఎస్టీ నంబరు ఉంటే అది, పక్క ఇంటి డోరు నంబరు ఫోటోలో పడేట్టు తీయండి. డబ్బు యూపీఐలో కట్టండి, స్కానరు మీద వచ్చే పేరు స్క్రీన్‌షాట్ తీసుకోండి. రిమార్కుల్లో బండి నంబరు టైపు చేయండి.

సీసీ కెమెరా ఉంటే అదే రోజు ఫుటేజీ భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్‌లో అయినా సరే. నిండిపోయిన డిస్కు మీద కొత్తది ఎక్కేస్తుంది. నోటీసు చేరేసరికి అది ఉండదు.

వేలూరు రోడ్డు

చిత్తూరు నుంచి. మీరంతా బండివాళ్ల వైపే మాట్లాడుతున్నారు. మా ఖాళీ ప్లాటులో ఎవరో పాత వ్యాను వదిలేసి పోతే? టైర్లు కుంగి, కింద పిచ్చిచెట్లు మొలిచాయి అనుకోండి. క్రేను పిలిచి రోడ్డు మీదికి లాగించేయొచ్చా?

పాత ప్లీడరు

వద్దు. రోడ్డు మీదికి లాగిన క్షణం నుంచి ఆ బండికి జరిగేదంతా మీ మెడకు చుట్టుకుంటుంది. ట్రాఫిక్ అడ్డం అయితే న్యాయ సంహిత సెక్షన్ 285, బండి విరిగితే 324, మాయమైతే దొంగతనం ఆరోపణ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127 పబ్లిక్ స్థలానికే కాబట్టి మీ ప్లాటులోంచి తీసుకుపోండని ట్రాఫిక్ పోలీసులను బలవంతపెట్టలేరు.

ఇలా చేయండి. తేదీ పడేట్టు ఫోటోలు, నంబరు ప్లేటు, చాసిస్ నంబరు కనపడితే అది. అద్దానికి తెలుగులో, తమిళంలో నోటీసు అంటించండి. చిత్తూరు కాబట్టి తమిళం తప్పదు. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే యజమాని పేరు పూర్తిగా చూపించదు గానీ బీమా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పుడు అయిపోయాయో కనిపిస్తుంది. దాన్ని బట్టి వదిలేసిన బండో కాదో తెలుస్తుంది. తర్వాత స్టేషన్లో రాతపూర్వక ఫిర్యాదు, "యజమాని తెలియని వాహనం, దొంగ బండి అని అనుమానం" అని రాసి రసీదు తీసుకోండి. పోలీసులు స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేటుకు చెప్తే, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద ఆరు నెలల గడువుతో ప్రకటన వస్తుంది. ఎవరూ రాకపోతే దాని దారి అది చూసుకుంటుంది. నిదానమే, కాదనను. ఈలోగా తుక్కువాడికి అమ్మేద్దామనే ఆలోచన మాత్రం వద్దు.

కొర్లగుంట కుర్రోడు

అంగళ్ల ముందర? తిలక్ రోడ్డులో, గాంధీ రోడ్డులో అంగడి ముందర స్టూలు, నూనె డబ్బాలో సిమెంటు పోసి పాతిన గొట్టం, "కస్టమర్లకు మాత్రమే" బోర్డు. అది వాళ్ల స్థలమేనా?

పాత ప్లీడరు

మెట్టు దిగితే దాదాపు ఎప్పుడూ కాదు. రోడ్డు మార్జిను నగరపాలక సంస్థది. పార్కింగ్ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 117 ప్రకారం ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వాళ్లకీ ఉంది, అంగడాయనకు లేదు. కానీ సంబరపడొద్దు. 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఇంటి గేటుకు, ప్రహరీ దారికి అడ్డంగా, ఆసుపత్రి, బడి గేటు దగ్గర, బస్టాపు దగ్గర, ఫుట్‌పాత్ మీద, ఇంకో ఆగిన బండి పక్కన రెండో వరసలో పెట్టకూడదు. అక్కడ బోర్డు లేకపోయినా తప్పే. రుయా ఆసుపత్రి ముందర "బోర్డు ఏదీ?" అని అడిగేవాళ్లు ఇది చదువుకోవాలి.

అంగడి డబ్బా తీయించాలంటే గొడవ పడకుండా ఫోటోతో నగరపాలక సంస్థకో, ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కో ఫిర్యాదు పెట్టండి.

ఏఐఆర్ బైపాస్

మాల్స్, మల్టీప్లెక్సుల గురించి ఒక్క మాట. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో నియమం ఇదీ: మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఉచితం. 30 నుంచి 60 నిమిషాల లోపు ఏదైనా కొన్న బిల్లు చూపితే ఉచితం. గంట దాటితే బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ ఫీజు కన్నా ఎక్కువ ఉంటే ఉచితం. బిల్లు పారేయకండి, అంతే. తెలంగాణలో 2018 నుంచే ఇలాంటి జీవో ఉంది. ఇది ఖాళీ సైట్లలో నడిచే పార్కింగులకు వర్తించదు, అక్కడికెళ్లి "అరగంట ఫ్రీ" అని వాదించకండి.

రెండో ఘాట్

ప్రైవేటు స్థలంలో క్లాంపు వేయడమే నేరం, నోటీసు వస్తే చించేయొచ్చు అని ఒక వీడియోలో చూశాను. అది మనకు వర్తిస్తుందా?

లీడ్స్ తెలుగు

అది ఇంగ్లండు సంగతి, సగం పాతది కూడా. ఇంగ్లండు, వేల్స్‌లో 2012 అక్టోబరు 1 నుంచి ప్రైవేటు స్థలంలో చట్టబద్ధ అధికారం లేకుండా క్లాంపు వేయడం, లాగడం నేరం. స్కాట్లాండులో 1992 కోర్టు తీర్పుతోనే ఆగింది. కానీ అదే 2012 చట్టం ఇంకో చేత్తో బండి రిజిస్టరైన వ్యక్తి మీద బాధ్యత పెట్టింది. డ్రైవరు ఎవరో చెప్పకపోయినా, కంపెనీ షరతులన్నీ పాటించి నోటీసు పంపితే అతని దగ్గరే వసూలు చేయొచ్చు. కెమెరాతో పట్టుకున్న కేసుల్లో ఆ నోటీసు 14 రోజుల్లో చేరాలి. చేరిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోమని ఇక్కడి పిల్లలకు చెప్పండి.

చించేస్తే ఏమవుతుందంటే, 2015లో పార్కింగ్‌ఐ అనే పార్కింగ్ కంపెనీకి, బీవిస్ అనే కారు మనిషికి మధ్య కేసులో అక్కడి సుప్రీంకోర్టు 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని తేల్చింది. రెండు గంటలు ఉచితమైన చోట అతను దాదాపు ఇంకో గంట ఉండిపోయాడు. కంపెనీకి మొదట అప్పీలు, తిరస్కరిస్తే అది ఏ సంఘంలో సభ్యురాలో దాన్ని బట్టి పోప్లా గానీ ఐఏఎస్ గానీ, రెండూ అక్కడి స్వతంత్ర పార్కింగ్ అప్పీలు సంస్థలు. కోర్టు కాగితం వచ్చాక కూడా పట్టించుకోకపోతే తీర్పు మీ పరపతి చరిత్రలోకి ఎక్కుతుంది, తర్వాత ఇల్లు అద్దెకు దొరకడమే కష్టం.

పాత ప్లీడరు

ఇక్కడ బండి యజమాని మీద అలా ప్రైవేటు చార్జీ రుద్దే చట్టం లేదు. సైటువాడు "ఫైన్" అని చీటీ రాస్తే అది ఫైను కాదు, అడిగే డబ్బు మాత్రమే. ఫైను వేసేది ప్రభుత్వం. పోలీసు ఈ-చలానా వచ్చిందంటే మాత్రం ఆ ఫోటోలో బండి ఎక్కడ నిలబడి ఉందో చూడు. రోడ్డు మార్జినా, సైటు లోపలా?

"పబ్లిక్ స్థలం" అంటే ఏమిటన్నది చిన్న విషయం కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(34) ప్రకారం జనానికి ప్రవేశించే హక్కు ఉన్న చోటు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మన విశాఖ ఉక్కు కర్మాగారం యార్డులో మాత్రమే తిరిగే బండ్ల కేసులో, ప్రహరీ, గేటు, అనుమతి ఉన్నవాళ్లకే ప్రవేశం ఉన్న ఆ యార్డు పబ్లిక్ స్థలం కాదని, వాటికి వాహన పన్ను అడగకూడదని చెప్పింది. అది చూపించి తాడు కట్టిన పార్కింగ్ సైటు కూడా ప్రైవేటే అనుకోవద్దు. డబ్బిస్తే ఎవరైనా వచ్చే చోటు వేరే తూకం. బీమా, లైసెన్సు లేకుండా అక్కడ బండి తిప్పేవాళ్లకు ఆ తీర్పు గొడుగు పట్టదు.

భవానీనగర్ అపార్ట్‌మెంటు

బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ రోజు, ఘాట్ రోడ్డులో టూవీలర్లను ఆపేస్తారు కాబట్టి ఊరంతా బైకులే. అపార్ట్‌మెంటు వాచ్‌మెన్ చేతిలో ఎంతో కొంత పెట్టి సెల్లారులో పెట్టేస్తారు. పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది: ఆ చోటు అద్దెకివ్వడానికి వాచ్‌మన్‌కు అధికారం లేదు. స్టిల్టు పార్కింగ్ (భవనం కింద స్తంభాల మధ్య వదిలిన చోటు) ఉమ్మడి స్థలం, బిల్డరు కూడా దాన్ని విడిగా అమ్ముకోలేడని 2010లో సుప్రీంకోర్టు నహల్‌చంద్ కేసులో చెప్పింది. రాత్రి ఫ్లాటు ఆయన వచ్చి తీయమంటే తీయాల్సిందే, బండికి ఏమైనా అయితే అసోసియేషన్ మీదికి పోలేరు. ఆ రోజు పోలీసులు ప్రకటించిన మైదానాలు దూరమైనా అవే నయం.

గేటు కాడి మనిషి

మైదానంలో పెట్టేవాళ్లు ఒకటి చేయండి. వరస నంబరు ఉండదు, రాత్రి అన్ని బైకులూ ఒకటే మాదిరి కనపడతాయి. బండి కాకుండా, బండి కాడ నిలబడి కనపడే లైటు స్తంభమో, గోడ మీద రాతో ఫోటో తీసుకోండి. హెల్మెట్ లాకుకు తగిలించి పోతే పట్టీ కోసుకుని పోతారు, చేతిలోనే పెట్టుకోండి.

కొర్లగుంట కుర్రోడు

యూపీఐ రిమార్కుల్లో బండి నంబరు ఒక్కటే రాస్తే చాలా, లేక టైము కూడానా?

బీమా లెక్కలు

టైము అదే పడుతుంది. "ఏపీ39 1234, తాళం ఇచ్చాను" అని రాయండి. ఆ రెండో ముక్కకే విలువ.